బోర్డు మీద ఏముంది, గదిలో ఎవరున్నారు?

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ స్కానింగ్ సెంటర్ గడప తొక్కిన వాళ్లకు గోడ మీద ఒక బోర్డు కనిపించి తీరాలి. కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పరు, చెప్పడం నేరం అని దాని సారాంశం. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఉంటుంది. లింగ నిర్ధారణను నిషేధించిన చట్టం 1994లో వచ్చింది. దాని కింద 1996లో చేసిన నిబంధనల్లో 17వది ఈ బోర్డు స్థానిక భాషలో కూడా ఉండాలని చెబుతుంది. చట్టాన్ని మీరితే అధికారులు వచ్చి సోదా చేయగలరు, యంత్రానికి సీలు వేయగలరు, సెంటర్ రిజిస్ట్రేషన్ రద్దు చేయగలరు. అందుకే రంగు వెలిసినా ఆ బోర్డు గోడ దిగదు.

ఆ పక్కనే ఉన్న క్లినిక్‌కు కూడా ఇలాంటి నియమమే ఉంది. భారత వైద్య మండలి 2002లో జారీ చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం ప్రతి డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. మందుల చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బు కట్టించుకుని ఇచ్చే రసీదు మీద కూడా ఆ నంబరు ఉండాలి. ఫీజు ఎంతో బోర్డు మీద రాయాలి. పేరు వెనుక గుర్తింపు ఉన్న డిగ్రీలే తగిలించుకోవాలి. ఒక విభాగంలో ప్రత్యేక అర్హత లేనివాళ్లు ఆ విభాగంలో స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. సైన్ బోర్డు మరీ పెద్దదిగా ఉండరాదు, మందుల షాపు మీద ఉండరాదు, తాను ఉండని, పనిచేయని చోట ఉండరాదు. నంబరు కనబడేలా పెట్టకపోవడం ఒక్కటే చాలు, దుష్ప్రవర్తన కింద చర్య తీసుకోవచ్చు.

ఇంత వివరంగా రాసుకున్న నియమం ఇరవై ఏళ్లు దాటినా జనం నోట నానలేదు. లింగ నిర్ధారణ బోర్డు సంగతి పల్లెలో ముసలమ్మకు కూడా తెలుసు. డాక్టరు నంబరు సంగతి మాత్రం చదువుకున్న కొడుకులకు కూడా తెలియదు. మొదటి బోర్డును అడిగేది అధికారి. రెండోదాన్ని రోగి అడగాలి. జ్వరంతో వణుకుతున్న మనిషి, నొప్పులు పడుతున్న గర్భిణి, బిడ్డను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చిన తండ్రి "సార్, మీ నంబరెంత?" అని అడుగుతారని ఏ చట్టమైనా ఎలా అనుకుంటుంది? వైద్యుల అర్హతలు రోగికి తెలియాలన్న చట్టాల గురించి మన దగ్గరా బయటా జరిగిన చర్చంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సంగతేమీ కాదు. కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలోనే, 1914లో, మద్రాసు వైద్య రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. వైద్యుల పేర్లతో ఒక పట్టిక పెట్టాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. రెండేళ్లకే, 1916లో, భారత వైద్య డిగ్రీల చట్టం వచ్చి, లేని డిగ్రీని ఉన్నట్టు చూపించుకుంటే 250 రూపాయల జరిమానా అంది. మళ్లీ చేస్తే 500. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. 1956 నాటి భారత వైద్య మండలి చట్టం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసేవారికి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆ వెయ్యి దశాబ్దాల పాటు వెయ్యిగానే ఉండిపోయింది. 2019లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ దాన్ని 5 లక్షల దాకా పెంచింది, ఏడాది జైలును అలాగే ఉంచింది.

శిక్ష పెరిగినంత మాత్రాన దారి సులువు కాలేదు. ఈ చట్టం కింద కోర్టు కేసు తీసుకోవాలంటే కమిషన్ గానీ రాష్ట్ర వైద్య మండలి గానీ అధికారం ఇచ్చిన ఉద్యోగి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మోసపోయిన రోగి నేరుగా వెళితే ఈ సెక్షన్ పలకదు. మండలి విజయవాడలో ఉంది. రోగి రుద్రవరంలోనో ఉయ్యాలవాడలోనో ఉంటాడు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఒక మేలు జరిగింది. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయం దగ్గరికొచ్చింది. అంతకు ముందు చిన్న పనికైనా 70 కిలోమీటర్ల అవతల ఉన్న కర్నూలుకు పోవాల్సి వచ్చేది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ ఈ కార్యాలయం ద్వారానే నడుస్తుంది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసినా, ఆంధ్రప్రదేశ్ అప్పటికే తనకున్న 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టంతోనే సాగుతోంది. తెలంగాణ మాత్రం కేంద్ర చట్టాన్నే తీసుకుంది. ఆచరణలో చిక్కెక్కడంటే, జిల్లా అధికారి చేతిలో ఉన్నది ఆసుపత్రి రిజిస్ట్రేషన్, డాక్టరు రిజిస్ట్రేషన్ ఉన్నది మండలి చేతిలో. అసలు రిజిస్ట్రేషనే లేని మనిషి మీద మండలి వేయగల వేటు ఏమీ లేదు, పట్టికలో లేని పేరును ఎక్కడి నుంచి తీసేస్తారు? అప్పుడు పోలీసు కావాలి. ఈ ముగ్గురూ ఒక్కచోటికి రావడం ఎవరో ప్రాణం పోయినప్పుడే జరుగుతోంది.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. అక్కడ వైద్యం అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది ఆర్.ఎం.పి. డాక్టరు. చట్టం ఈ మూడక్షరాలను రిజిస్టరయిన వైద్యుడికి వాడుతుంది. పల్లె ఏ పట్టికలోనూ పేరు లేని మనిషికి వాడుతుంది. రెండు అర్థాలూ ఒకే బోర్డు మీద కలిసిపోతే రోగి ఎటు తేల్చుకోవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన నివేదిక 2001 జనాభా లెక్కలను తిరగేసి, దేశంలో అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్న వారిలో 57.3 శాతానికి వైద్య అర్హత లేదని తేల్చింది. 31.4 శాతం మంది చదువు హైస్కూలు స్థాయి దాటలేదు. గ్రామాల్లో అయితే అర్హత ఉన్నవారు 18.8 శాతమే.

అలాగని ఆ మనిషిని దొంగగా చూడడం అన్యాయం. అర్ధరాత్రి తేలు కుట్టిందని కబురు పెడితే బండి మీద వచ్చేది అతనే. పంట చేతికొచ్చాక ఇవ్వొచ్చులే అని అప్పు పెట్టేదీ అతనే. ఊళ్లో సగం మంది అతన్ని అన్నా అనో మామా అనో పిలుస్తారు. అలాంటి మనిషిని పట్టుకుని "నువ్వు యాడ సదివినావు?" అని అడగడం మర్యాద కాదని పల్లె అనుకుంటుంది. అడిగినవాడికి రేపు రాత్రి అవసరం పడితే? అర్హత చెప్పాల్సిన బరువు రోగి అడగడం మీద పెట్టకూడదనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

నష్టం మాత్రం మర్యాద చూసి ఆగదు. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో 2018 ఫిబ్రవరిలో 40 మందికి పైగా హెచ్.ఐ.వి. బయటపడింది. లైసెన్సు లేని ఒక వైద్యుడు సైకిలు మీద తిరుగుతూ ఒకే సూదిని పదేపదే వాడాడని అధికారులు నిందించారు. సూది వేస్తేనే జబ్బు తగ్గుతుందని, గ్లూకోజు ఎక్కిస్తేనే బలమొస్తుందని నమ్మే పల్లెలు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఇలాంటి వాళ్లకు శిక్షణ ఇచ్చి హద్దులు గీయాలన్న ప్రయత్నమూ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం గ్రామీణ వైద్యులను కమ్యూనిటీ పారామెడిక్స్‌గా తీర్చిదిద్దాలని శిక్షణ పథకం పెట్టింది. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో 304 మంది మీద ఇదే తరహా శిక్షణను శాస్త్రీయంగా పరీక్షించారు. తొమ్మిది నెలలు, 72 తరగతులు. ఫలితాలు 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. జబ్బును సరిగ్గా చూడడం మెరుగైంది, కానీ అక్కర్లేని మందులు రాయడం తగ్గలేదు. శిక్షణకు విలువ ఉంది. అది డిగ్రీ కాదన్న సంగతి రోగి కళ్ల ముందు ఉండడానికీ అంతే విలువ ఉంది. శిక్షణ పొందినవాడు ఏం చేయొచ్చో, ఎక్కడ ఆగాలో తెలుగులో నాలుగు ముక్కలు రాసి వాకిట్లో పెడితే రోగికీ మేలే, అతనికీ మేలే.

పట్నం సంగతి పల్లె కంటే నిక్కచ్చిగా ఉంటుందని అనుకోవడం పొరపాటు. నంద్యాల చుట్టుపక్కల మండలాలకు పెద్దాసుపత్రి ఊరు. ఇక్కడ శాంతిరామ్ వైద్య కళాశాల ఉంది. 2023 సెప్టెంబరులో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. బోధనాసుపత్రిలో మంచం దగ్గరికి వచ్చే తెల్లకోటు విద్యార్థిదా, హౌస్ సర్జన్‌దా, పీజీదా, ప్రొఫెసర్‌దా? రోగికి అందరూ డాక్టరు సారే. ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీకి ఆయుర్వేద, హోమియో డిగ్రీలున్న వారిని పెట్టుకోవడం దేశమంతటా ఉన్న అలవాటు. పగలు బోర్డు మీద పెద్ద స్పెషలిస్టు పేరు, రాత్రి రెండు గంటలకు గదిలో వేరే మనిషి. గ్రామ ఆరోగ్య కేంద్రంలో కూర్చునే ఎం.ఎల్.హెచ్.పి. నర్సింగు చదివి ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి. ఆమె చేసే సేవకు చేతులెత్తి మొక్కాలి, ఆమె డాక్టరు కాదన్న మాటా చెప్పాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకుంది. తనను చూస్తున్న ప్రతి ఒక్కరూ ఎవరు, వాళ్ల వృత్తి హోదా ఏమిటి, తన వైద్యానికి ప్రధాన బాధ్యత ఏ డాక్టరుది అని తెలుసుకోవడం రోగి హక్కు అంది. మరుసటి ఏడాది కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది.

వేరే వైద్య విధానం చదివి అల్లోపతి మందులు రాయడం ఎంత దూరం పోతుందో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. పూనమ్ వర్మ కేసులో ఆమె భర్తకు జ్వరమొచ్చింది. హోమియో డిప్లొమా ఉన్న వైద్యుడు మొదట వైరల్ జ్వరమని, తర్వాత టైఫాయిడ్ అని అల్లోపతి మందులు వాడాడు. 1992 జులైలో ఆ మనిషి చనిపోయాడు. ఒక విధానంలో రిజిస్టరై, తెలియని మరో విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని, వేరే రుజువు అక్కర్లేదని కోర్టు తీర్పు ఇచ్చి 3 లక్షల పరిహారం ఇప్పించింది. తర్వాత దారి మళ్లీ మసకబారింది. 2020 నవంబరులో భారత వైద్య కేంద్ర మండలి ఆయుర్వేద పీజీలకు 58 రకాల శస్త్రచికిత్సల శిక్షణను నోటిఫై చేసింది. ఆయుర్వేద వైద్యులకు అది చేతనవునా కాదా అన్న వాదన ఎటు తేలినా, కత్తి పట్టేది ఏ చదువు చదివిన చెయ్యో రోగికి ముందే తెలియాలన్న దాంట్లో వాదనకు తావే లేదు.

పేరు ముందు డాక్టరు అని రాసుకునే హక్కు ఎవరిది అన్న దాని మీద 2025 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగింది చూస్తే ప్రభుత్వం ఎంత తడబడుతోందో తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడకూడదని ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 9వ తేదీన లేఖ రాశారు. వందేళ్లు దాటిన 1916 చట్టాన్నే అందులో ఆధారంగా చూపించారు. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అంతకు ముందు ఇంకా పెద్ద వెనకడుగు పడింది. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త ప్రవర్తన నిబంధనలు జారీ చేసింది. కమిషన్ గుర్తించిన డిగ్రీలే పేరు వెనుక ఉండాలని అందులో మరింత గట్టిగా రాసింది. బ్రాండు పేర్ల బదులు జెనెరిక్ పేర్లు రాయాలన్న నియమం మీద, కంపెనీల కానుకల మీద డాక్టర్ల సంఘాలు గొడవ చేయడంతో ఆ నెల దాటకుండానే మొత్తం నిబంధనలను నిలిపివేసింది. ఆ గొడవలో అర్హతల నియమాలు కూడా కొట్టుకుపోయాయి. పాత 2002 నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి.

నంబరు ఉన్నా సరిపోని కేసులూ ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్సలు చేసిన మనిషి, బ్రిటన్‌కు చెందిన ప్రముఖ హృద్రోగ నిపుణుడి పేరుతో చలామణి అయ్యాడన్న ఆరోపణ మీద 2025 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. అతని చేతిలో ఏడుగురు చనిపోయారన్నది ఫిర్యాదు. అంతకు ముందు 2022 డిసెంబరులో, విదేశాల్లో వైద్యం చదివి, ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష గట్టెక్కకుండానే 73 మంది రిజిస్ట్రేషన్ సంపాదించారని సీబీఐ కేసు పెట్టింది. అందులో 14 రాష్ట్రాల వైద్య మండళ్ల పేర్లు వచ్చాయి. రోగి నంబరు చూశాడు, వెబ్‌సైట్‌లో వెతికాడు, పేరు దొరికింది అనుకుందాం. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో అతను చూడలేడు. అది మండలి పని, ఆసుపత్రి యాజమాన్యం పని. ఉద్యోగంలో పెట్టుకునే ముందు డిగ్రీని విశ్వవిద్యాలయంతోను, రిజిస్ట్రేషన్‌ను మండలితోను సరిచూసుకోని యాజమాన్యం మీద కూడా అంతే గట్టిగా కేసు ఉండాలి.

బయటి దేశాల వాళ్లు ఈ పనిని ఎలా చేస్తున్నారో మన వాళ్లకు తెలియనిది కాదు. కర్నూలు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. కాలిఫోర్నియాలో పనిచేసేవారు పేరు, లైసెన్సు హోదా కనీసం 18 పాయింట్ల అక్షరాల్లో రాసిన బ్యాడ్జి పెట్టుకోవాలి. సొంత క్లినిక్‌లో లైసెన్సు స్పష్టంగా కనబడేలా తగిలిస్తే బ్యాడ్జి లేకపోయినా సరే. వైద్యులకు లైసెన్సు ఇచ్చేది ఫలానా మెడికల్ బోర్డు, ఫిర్యాదులుంటే అక్కడ చెప్పండి అని 2010 నుంచి 48 పాయింట్ల అక్షరాల్లో నోటీసు కూడా పెట్టాలి. రోగి చేయాల్సిందల్లా తలెత్తి చూడడమే. ఆ రాష్ట్రం ఇంకో అడుగు వేసి 2019 జులై 1 నుంచి, లైంగిక దుష్ప్రవర్తన, మాదకద్రవ్యాల అలవాటు, మందులు ఇష్టం వచ్చినట్టు రాయడం వంటి కారణాలతో ప్రొబేషన్‌లో ఉన్న డాక్టర్లు ఆ సంగతి రోగికి ముందే చెప్పి సంతకం తీసుకోవాలని చట్టం చేసింది. పెన్సిల్వేనియా 2010లో ఫోటో బ్యాడ్జిల చట్టం తెచ్చింది.

బ్రిటన్ అనుభవం ఇంకా బాధాకరం. అక్కడ 30 ఏళ్ల యువతి కాలి నొప్పితో, ఊపిరాడక క్లినిక్‌కు రెండుసార్లు వెళ్లింది. తనను చూసింది డాక్టరేననుకుంది. చూసింది ఫిజిషియన్ అసోసియేట్. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి 2022 నవంబరులో ఆమె చనిపోయింది. ఆ మరణం తర్వాత దేశమంతా చర్చ లేచి, ప్రభుత్వం నియమించిన లెంగ్ సమీక్ష 2025 జులైలో ఆ ఉద్యోగుల పేరును ఫిజిషియన్ అసిస్టెంట్‌గా మార్చాలని, వారు డాక్టర్లు కాదని రోగులకు స్పష్టంగా తెలిసేలా చూడాలని సూచించింది. అదే దేశంలో కేట్ గ్రేంజర్ అనే వైద్యురాలు క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన దగ్గరికి వచ్చేవాళ్లు పేరైనా చెప్పడం లేదని గమనించి, 2013లో 'నా పేరు ఫలానా' అంటూ మొదలుపెట్టమని సిబ్బందిని కోరే ఉద్యమం నడిపింది. ఆమె 2016లో చనిపోయింది, ఆ అలవాటు నిలిచింది. దానికి చట్టం కూడా అక్కర్లేకపోయింది.

డిగ్రీ తెలిసినంత మాత్రాన వైద్యం బాగుంటుందన్న హామీ లేదన్న వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. జిష్ణు దాస్ బృందం మధ్యప్రదేశ్ పల్లెల్లో, ఢిల్లీలో రోగులుగా నటించేవారిని పంపించి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. పల్లెల్లో నమూనాగా తీసుకున్న వైద్యుల్లో 67 శాతం మందికి ఏ వైద్య అర్హతా లేదు. అంతకంటే కలవరపెట్టేది, అడగాల్సిన ప్రశ్నలు అడగడంలో డిగ్రీ ఉన్నవారికీ లేనివారికీ తేడా అనుకున్నంత లేకపోవడం. డిగ్రీ ఉన్న డాక్టరు రెండు నిమిషాల్లో పంపించేస్తే బోర్డు మీద అక్షరాలు రోగిని కాపాడవు. అర్హత చెప్పే చట్టం మంచి వైద్యానికి హామీ ఇవ్వదు. అది ఇచ్చేది, తన శరీరాన్ని ఎవరి చేతుల్లో పెడుతున్నాడో తెలిసి పెట్టే అవకాశం. పేదవాడికి ఆ మాత్రం కూడా దక్కకపోవడం చిన్న విషయం కాదు.

నంద్యాల జిల్లాకు కొత్త చట్టం కంటే ముందు కావలసినవి మామూలు పనులే. స్కానింగ్ సెంటర్లను తనిఖీ చేసే యంత్రాంగం ఇప్పటికే తిరుగుతోంది. అదే తనిఖీలో క్లినిక్ గోడ మీద నంబరు ఉందా, మందుల చీటీ మీద ఉందా అని రెండు గళ్లు చేరిస్తే ఖర్చేమీ కాదు. డాక్టరు పేరు, చదివిన చదువు, ఏ విధానం, ఏ మండలి నంబరు అన్నవి తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు పొడి అక్షరాల వరుసలో ఎం.బి.బి.ఎస్. ఏదో, బి.ఎ.ఎం.ఎస్. ఏదో, డబ్బు కడితే వచ్చే సభ్యత్వం ఏదో చాగలమర్రి నుంచి వచ్చిన రైతుకు తేలదు. రాత్రి డ్యూటీ పేరు ఆసుపత్రి కౌంటరు దగ్గర ప్రతి రోజూ మారాలి.

ఈలోగా రోగి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. రసీదు మీద నంబరు అడిగి రాయించుకోవచ్చు. ఆ నంబరును రాష్ట్ర మండలి వెబ్‌సైట్‌లో గానీ, కమిషన్ జాబితాలో గానీ ఫోన్లో వెతకొచ్చు. ఇంట్లో ఇంటరు చదివే పిల్లలున్నా చాలు. వైద్యం చేసిన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అవే 2002 నిబంధనలు చెబుతాయి. 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది కనుక పరిహారానికి ఆ తలుపు తెరిచే ఉంది. మండలికి చేసిన ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే పై మెట్టు ఎక్కే చోట మాత్రం రోగికి గోడ అడ్డొస్తుంది. 2019 చట్టంలోని 30వ సెక్షన్ అప్పీలు గురించి చెబుతూ వైద్యుడినే ప్రస్తావించింది, దాన్ని చూపించి కమిషన్ రోగుల అప్పీళ్లను తిప్పి పంపింది. ఆ సెక్షన్‌లో రోగి అన్న ఒక్క మాట చేర్చే అధికారం పార్లమెంటుదే. నంద్యాల లోక్‌సభ సభ్యుణ్ని ఈ ఊళ్ల జనం అడగదగిన మొదటి సవరణ అదే.